కోళ్ళ గూడుకి వంకలు

పెరటి మెట్ల మీద నుంచి,
ఎండలు ముదిరిన వారం

చెవిటి తమ్ముడికి అక్క రాసేది,

ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, ఎదురింటివాళ్ళు మాకేదో గొడవైందని కిటికీలు తెరుస్తారు. ఆ రంపం మిషను పక్కన నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నావు గాని కళ్ళు బాగానే ఉన్నాయిగా. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నాకో కోళ్ళ గూడు చేసి పంపు. నవ్వకు. పక్కింటావిడ ఇల్లు ఖాళీ చేస్తూ తన నాలుగు పెట్టల్నీ నాకు అంటగట్టి పోయింది. ప్రస్తుతం అవి విరిగిన బీరువా చెక్కల మధ్య, పైన గోనె కప్పుకుని కాపురం చేస్తున్నాయి. కింద కూర్చుని, తల లోపల పెట్టి రెట్టలు గోకాల్సి వస్తోంది. ఆ కంపు రెండుసార్లు స్నానం చేసినా పోదు.

గూడు ఎత్తు మీద ఉండాలి. వంగకుండా, నిలబడే శుభ్రం చేసుకోవాలి. ఎండకి ఉడికిపోకూడదు, వానకి తడవకూడదు, చలికి బిగుసుకుపోకూడదు. ముంగిస దూరకూడదు. అన్నీ ఒంటి చేత్తో తెరుచుకోవాలి, రెండో చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది కదా. నేల నుంచి గూడు అడుగుకి నాలుగు జానలు, పొడవు ఎనిమిది, వెడల్పు ఐదు. మన ఇంటి పద్ధతిలోనే కొలిచాను.

మీ బావ అలాగే ఉన్నారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు, కుడికాలు ఈడుస్తారు. ప్రెస్సులో జీవితమంతా అచ్చుతప్పులు దిద్దిన మనిషి ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుని గోడలో తప్పులు వెతుకుతున్నారు. నేను లేపితే లేస్తారు. లేపకపోతే సాయంత్రం దాకా లేవరు. కోళ్ళని తెచ్చానంటే, "ఇంట్లో ఒక అవిటివాడు చాలడా?" అన్నారు. అన్నారు గాని, వాటి అరుపు వినిపిస్తే తల మాత్రం ఇటు తిప్పుతున్నారు.

తొందరగా చెయ్యి.
అక్క


వడ్రంగి షెడ్డు నుంచి,
కరెంటు పోయిన మధ్యాహ్నం

అక్కయ్యకి,

వీధిలో ఆడవాళ్ళందరికీ టేపు పట్టి జాకెట్లు కుట్టే మనిషివి, నాకు మాత్రం జానల్లో రాస్తావు. ఇక్కడ నా దగ్గర పనిచేసేవాళ్ళు నీ ఉత్తరం చూసి, "మీ అక్కగారు చదువుకోలేదా?" అని అడిగారు. మా నాన్న పద్ధతి అది అని చెప్పాను. కూర్చునే పీట చేసినా సరే, నాన్న ఆ చేయించుకునేవాళ్ళ ఇంటికి వెళ్ళి, కూర్చునేవాడి జానతోనే కొలిపించుకొచ్చేవాడు. వస్తువు ఎవరు వాడతారో వాళ్ళ చెయ్యే కొలత అనేవాడు. నీ జాన గీత నా షెడ్డు గోడ మీద ఇప్పటికీ ఉంది. నా జాన కన్నా రెండు వేళ్ళు తక్కువ. దాన్ని బట్టే చెక్క కోశాను.

ఎలా చేస్తున్నానో విను. అడుగున చెక్క ఉండదు, సొరుగులాగా బయటికి లాగే రేకు పళ్ళెం ఉంటుంది. అందులో చిత్రిక పొట్టు పరుచు. రంపపు పొట్టు వద్దు, దుమ్ము లేచి వాటికి జలుబు చేస్తుంది. పళ్ళెం లాగి దులిపి, కొత్త పొట్టు వేసి తోసెయ్యడమే, ఇంక లోపల తల పెట్టే పని లేదు. పైన రేకు, దాని కింద బెత్తెడు ఖాళీ వదిలి చెక్క కప్పు. ఎండ వేడి ఆ ఖాళీలోనే పోతుంది. గాలి కిటికీలు కప్పుకి ఆనుకుని పైన ఉంటాయి, వాటికి సన్న జాలీ. కోడి వాలే కర్ర కిటికీ కన్నా కిందే ఉండాలి, లేకపోతే గాలి తిన్నగా వీపుకి కొడుతుంది. చలికాలం వచ్చిందని కిటికీలన్నీ మూసెయ్యకు. కోడి చలికి చావదు, చెమ్మకి చస్తుంది. గుడ్లు పెట్టే అరలకి బయటి నుంచే మూత పెట్టాను. సందులుంటే పేలు చేరతాయి, అందుకని అతుకులన్నీ బిగించి లోపల సున్నం కొట్టించాను.

ఇంతకన్నా మంచి ఇంట్లో నేనే ఉండటం లేదు. విడి భాగాలుగా లారీలో వేస్తున్నాను. మీ వీధి చివర మేస్త్రీకి చెబితే బిగించిపెడతాడు.

బావని అడిగానని చెప్పు.
తమ్ముడు


పెరట్లో నుంచి,
మబ్బు పట్టిన రోజు

తమ్ముడికి,

గూడు వచ్చింది. మేస్త్రీ బిగించాడు. చూడముచ్చటగా ఉంది. పెట్టలు మొదటిరోజు అత్తారింటికొచ్చిన కొత్త కోడళ్ళలా గుమ్మంలోనే నిలబడ్డాయి, రెండో రోజు నుంచి పెత్తనం మొదలుపెట్టాయి. ఒకదానికి మేం దొరసాని అని పేరు పెట్టాం. మేం అంటే మీ బావే పెట్టారు.

కాకపోతే ఎత్తు చాల్లేదురా. మీ బావని పట్టుకుని పెరట్లోకి తీసుకొచ్చి పళ్ళెం లాగమన్నాను. వంగబోయారు, ఎడమ చేత్తో గూడు అంచు పట్టుకున్నారు, కుడికాలు ఆనలేదు. నేను పట్టుకోకపోతే పడేవారే. లోపలికి వెళ్ళి పడుకున్నారు. ఆ రోజు ఇంక అన్నానికి కూడా లేవలేదు.

ఇంకో ఆరేడు అంగుళాలు ఎత్తు కావాలి. కొత్త కాళ్ళు చేసి పంపు. వివరాలు అడక్కు, పంపు.

అక్క


వడ్రంగి షెడ్డు నుంచి

అక్కయ్యకి,

నీ ఉత్తరం చదివి నేనే తప్పు కోశానేమోనని గోడ మీద గీత దగ్గరికి వెళ్ళి మళ్ళీ కొలిచాను. నీ నాలుగు జానలకి దారమంత తేడా కూడా లేదు. అప్పుడు నా జానతో కొలిచి చూశాను. ఆరేడు అంగుళాలు పెరిగింది. బావదీ నా అంత చెయ్యే కదా.

కొలత తప్పు కాదు, చెయ్యి వేరు. నువ్వు బావ చెయ్యి పట్టుకుని కొలిచావు, ఆ మాట నాకు రాయలేదు. "నాకో గూడు" అని రాస్తే నీ చెయ్యే అనుకున్నాను.

వాడేవాళ్ళ చేత్తోనే కొలవాలన్నది నేనెంత ఎరుగుదునో నువ్వూ అంతే ఎరుగుదువు. మరి ఒంటి చేత్తో తెరుచుకోవాలన్నావు. నిలబడి చెయ్యాలన్నావు. ఇప్పుడు ఆయన్ని పెరట్లోకి లాక్కెళ్ళి పళ్ళెం లాగిస్తున్నావు. కోళ్ళు నీవి, పెరడు నీది, పొద్దున్నే లేచే అలవాటు నీది. గూడు మాత్రం బావకా? అయితే నువ్వెక్కడికి పోతున్నావు?

దాచకుండా రాయి.

తమ్ముడు


ఆసుపత్రి వరండా బల్ల మీద నుంచి,
తొలి వానలు

తమ్ముడికి,

చిన్నప్పుడు కూడా నీ దగ్గర ఏదీ దాగేది కాదు, నా జడరిబ్బన్లు తప్ప.

కడుపులో నొప్పని ఎండాకాలం ముందే ఇక్కడికొచ్చాను. పరీక్షలన్నీ చేశాక డాక్టరమ్మ తన కుర్చీ లాక్కుని నా పక్కకొచ్చి కూర్చుంది. ఎప్పుడూ బల్లకి అవతల కూర్చునే మనిషి పక్కకొచ్చిందంటేనే నాకు సగం అర్థమైంది. వచ్చే ఎండాకాలం మాట నేనెత్తితే ఆవిడ మందుచీటీ మడతలు పెడుతూ కూర్చుంది. కోసి తియ్యడానికి వీల్లేని చోట గడ్డ ఉందట. మందులు నొప్పికే గాని జబ్బుకి కాదు.

మీ బావకి చెప్పలేదు. గ్యాసు నొప్పి అని చెప్పాను. ఆయన నమ్మారు. తన ఒంటి బాధే తనకి సరిపోతోంది, గోరుచుట్టు మీద రోకటిపోటు నేనెందుకు వెయ్యాలి?

నా బాధేమిటో చెప్తాను విను. చావుకి భయపడటం లేదని అనను, భయంగానే ఉంది. కానీ అంతకన్నా పెద్ద భయం ఒకటుంది. నేను పోయిన మర్నాడు పొద్దున ఆయన్ని ఎవరు లేపుతారు? మాకు పిల్లల్లేరు. నువ్వు తీసుకెళ్తానంటావు, ఆయన రారు. వంటమనిషిని పెడితే పళ్ళెం మంచం దగ్గరికే తెచ్చిపెడుతుంది, ఇంక ఆ మంచమే ఆయనకి ఊరూ వాడా అయిపోతుంది. మనుషులు జాలిపడతారురా. కోళ్ళు జాలిపడవు. తెల్లారి తలుపు తియ్యకపోతే వీధి లేచేలా అరుస్తాయి. వాటికోసమైనా కాలు కింద పెట్టాల్సిందే.

అందుకే గూడు. నేను ఉండగానే ఆయన ఒక్కసారి, నా చెయ్యి సాయం లేకుండా, తలుపు తీసి, పళ్ళెం లాగి, శుభ్రం చేసి, పొట్టు పరిచి, గుడ్లు తీసి లోపలికి రావాలి. అది చూస్తే చాలు నాకు. కాళ్ళు పంపు.

అక్క


షెడ్డు నుంచి

అక్కా,

రెండు రోజులు ఏ పనీ చెయ్యలేదు. మిషను ఆపేస్తే షెడ్డు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు, అదీ ఈ చెవులకి.

వస్తాను. వచ్చి నీ దగ్గరుంటాను. ఇక్కడ పని ఎవడో ఒకడు చూసుకుంటాడు. వద్దనకు.

కాళ్ళు పంపుతున్నాను. బావ ఎత్తుకే కోశాను. పనికిరాని ఉలి పట్టుకున్నట్టుగా ఉంది, చెక్క మీద గీత కనిపించలేదు, రెండుసార్లు కోయాల్సి వచ్చింది. కింద అడుగులకి రేకు తొడిగాను, వాననీళ్ళలో నానకుండా.

బావకి చెప్పక్కా. నువ్వు చెప్పకపోయినా ఒకరోజు తెలుస్తుంది. అప్పుడు నీ మీద కోపం వస్తే, ఆ కోపం చూపించుకోవడానికి నువ్వుండవు.

తమ్ముడు


పెరటి వసారా నుంచి,
వాన ఆగకుండా పడుతున్న వారం

తమ్ముడికి,

రావద్దు. నువ్వు ఏడాదికోసారి, అదీ రెండు పూటలు కూర్చుని వెళ్ళే మనిషివి. సంచీతో వచ్చి దిగావంటే ఆయనకి వెంటనే తెలిసిపోతుంది. ఆయన పెరట్లోకి రావడం ఇప్పుడిప్పుడే మొదలైంది, ఇప్పుడు తెలిస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతారు. నేను పిలుస్తాను, అప్పుడు రా.

కొత్త కాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. గూడు ఆయన నడుముకి సరిగ్గా వచ్చింది. కానీ ఇప్పుడు వేరే రోగం మొదలైంది. నీ గూడుకి రోజుకో వంక పెడుతున్నారు. పళ్ళెం ఎడమవైపుకి లాగేలా ఉంటే లాగగలనన్నారు. మేస్త్రీని పిలిచి పళ్ళెం జారే పట్టాలు మార్పించాను. మారిస్తే, జల్లు పడమటి నుంచి కొడుతోంది, పొట్టు తడుస్తోంది, చూరు జానెడు పెంచాలన్నారు. అది నిజమే, తడిసింది. పెంచాం. ఆపైన తలుపు వానకి ఉబ్బిందట. గడియ వేలికి గుచ్చుకుంటోందట. మొన్న సగం పని చేసి, పళ్ళెం బయటికి లాగి, "దీనికి పిడి సరిగ్గా లేదు, నావల్ల కాదు" అని వదిలేసి వచ్చి కూర్చున్నారు. నేనే వెళ్ళి తోసొచ్చాను.

నాకు కోపం తెప్పించడానికి చేస్తున్నారా అనిపిస్తుంది. కానీ ఒకటి, ఇప్పుడు పొద్దున లేచి నాకన్నా ముందు ఆ గూడు దగ్గర నిలబడుతున్నారు, ఇవాళ ఏం వంక పెట్టాలా అని.

పిడి కొంచెం లావుగా, గుండ్రంగా చేసి పంపు. గడియ మార్చు. ఎడమ చేత్తో కిందనుంచి పైకి తడితే తెరుచుకోవాలి, ముంగిస తడితే తెరుచుకోకూడదు.

అక్క


షెడ్డు నుంచి

అక్కయ్యకి,

పిడి, గడియ పంపుతున్నాను. మా ఆవిడని కళ్ళు మూసుకోమని, గడియ ఎడమ చేత్తో తీయించి చూశాను. తీసింది.

నిజం చెప్పనా? బావ మీద ఒళ్ళు మండుతోంది. ఆడలేక మద్దెల ఓడన్నాడట. ఇన్నాళ్ళ నా పనితనంలో ఒక గిరాకీ కూడా ఇన్ని వంకలు పెట్టలేదు. పుస్తకమంతా చదివి ఒక్క తప్పు దొరక్కపోతే ఆ రోజు అన్నం సయించేది కాదట కదా ఆయనకి, ఆ అలవాటు నా గూడు మీద తీర్చుకుంటున్నాడు. పెళ్ళాం ఏ స్థితిలో మందులు మింగి ఆ మేస్త్రీ వెంట తిరుగుతోందో ఆయనకి కనబడదా? ఇన్నేళ్ళు అక్షరం అక్షరం చూసిన కళ్ళేనా అవి?

నువ్వు చెప్పకపోతే నేను రాస్తాను ఆయనకి.

తమ్ముడు


మంచం మీద నుంచి,
చలి మొదలైంది

తమ్ముడూ,

రాయకు. నా మీద ఒట్టు.

ఎక్కువ రాయలేను. కలం బరువుగా ఉంది. మిషను మూత పెట్టేశాను. కుట్టాల్సిన బట్టలన్నీ ఎవరివి వాళ్ళకి పంపేశాను.

వాలే కర్ర దగ్గర చలిగాలి కొడుతోందన్నారు. నువ్వు రాసినట్టే ఉంది, కిటికీ పైన, కర్ర కింద. అయినా గాలట. ఒక పలక అడ్డం కొట్టించాం. నిన్న కొత్త వంక, గూడు తలుపుకి ఆ రంగు బాగాలేదట. రంగుకీ పళ్ళెం లాగడానికీ ఏమిటండీ సంబంధం అంటే నా కాళ్ళు పడుతూ కూర్చున్నారు, ఆ ఒక్క చేత్తోనే.

రోజూ అడుగుతున్నాను, ఇవాళైనా మొత్తం పని మీరొక్కరే చేశారా అని. "ఇంకా కుదరలేదు, రేపు చూద్దాం" అంటారు. నొప్పి ఎక్కువగా ఉందిరా. వెళ్ళిపోతే బాగుండుననిపిస్తుంది. ఆయన్ని చూస్తే ఎలా వెళ్ళాలో తెలియడం లేదు.

ఇప్పుడు రా.

అక్క


అక్కా,

బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం ముందొస్తుందో నేను ముందొస్తానో. ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడు రంగుల డబ్బాలూ తెస్తున్నాను. బావ ఏది అంటే అది వేస్తాను. మాట తూలను. నువ్వుండు.

తమ్ముడు


పెరటి వసారా నుంచి,
ఎండ కాస్త వెచ్చబడ్డాక

బావమరిదికి,

ఎడమ చేతి రాత, ఓర్చుకుని చదువు. తప్పులుంటే దిద్దుకో, నేను దిద్దలేదు.

నువ్వు ఇక్కడున్నన్ని రోజులూ ఈ మాట చెప్పాలనే అనుకున్నాను. కానీ నీకు వినపడేలా చెప్పాలంటే అరవాలి. అరిచి చెప్పే మాట కాదు. అందుకే అందరూ వెళ్ళి, ఇల్లు సద్దుమణిగాక రాస్తున్నాను.

మీ అక్క జబ్బు సంగతి నాకు మొదటి వానలప్పటికే తెలుసు. ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం పూట మిషను దగ్గర కూర్చుని తన జాకెట్లే విప్పి, లోపలికి తీసి బిగించి కుట్టుకునేది. పాతవి సరిచేసుకుంటోంది అనుకున్నాను. నెల తిరక్కుండా అవే జాకెట్లు మళ్ళీ మిషనెక్కాయి. మరో నెలకి మళ్ళీ. గ్యాసు నొప్పికి మనిషి అలా కరిగిపోదని నాకు తెలియదా? చెప్పలేదంటే నేను తట్టుకోలేననుకుంది. తెలియనట్టే ఉన్నాను. ఆమె నా కోసం దాచింది, నేను ఆమె కోసం దాచాను. ఒకే ఇంట్లో ఇద్దరం అలా తిరిగాం.

గూడు ఎందుకు కట్టిస్తోందో కూడా తెలుసు. నీ కొత్త కాళ్ళు వచ్చిన మరుసటి వారమే నేను పని మొత్తం ఒక్కణ్ణే చేశాను. ఆమె మందు వేసుకుని నిద్రపోతున్నప్పుడు. పళ్ళెం లాగాను, గోడకి ఆనించి గోకాను, పొట్టు పరిచాను, తోశాను. గుడ్డు కూడా తీశాను. ఆ రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. లేపి చెబుదామని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. చెప్తే ఆమె పని అయిపోతుంది. మీ అక్క గుండీ కుట్టని జాకెట్టు ఎవరికీ ఇచ్చి ఎరగదు, సగంలో ఏ పనీ వదిలి ఎరగదు. గూడు పూర్తికానంత కాలం ఇక్కడే ఉంటుంది అనుకున్నాను. పిచ్చి లెక్క అని తెలుసు. ఆ పిచ్చిలోనే రెండు కాలాలు గడిపాను.

గుడ్డు వెనక్కి పెట్టేశాను. శుభ్రం చేసిన పొట్టు మీద కాసిని రెట్టలు తెచ్చి వేశాను, ఆమె లేచి చూస్తే అనుమానం రాకుండా. ఆ తరవాత ఎన్నిసార్లో అలా చేశాను. రెట్టలు తియ్యడానికి గూడు కట్టించుకునేవాళ్ళుంటారు గాని, తీసినవి మళ్ళీ వేసేవాణ్ణి నన్నే చూస్తావు. వంకలన్నీ అందుకే. చూరు వంక ఒక్కటే నిజం. పట్టాలు, పిడి, గడియ, చలిగాలి, రంగు, అన్నీ నేను కల్పించినవే. నీకు కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా.

చివరి వారం ఆమె నొప్పి నువ్వు చూడలేదు, నేను చూశాను. పళ్ళు బిగపట్టి, కళ్ళు తెరిచి, నా వంకే చూసేది. "ఇవాళైనా చేశారా?" అనేది. అంతకన్నా ఏమీ అడిగేది కాదు. నేను ఇంకా కుదరలేదు అన్న ప్రతిసారీ ఆమె ఇంకో రోజు ఆ నొప్పితో ఉండాల్సి వస్తోందని నాకు అర్థమైంది. నేనే ఆపి ఉంచుతున్నాను. నా కోసమే ఆపి ఉంచుతున్నాను.

నువ్వు సాయంత్రం బండి దిగావు. ఆ పొద్దున ఎదురింటి అబ్బాయిల చేత మంచం కిటికీ దగ్గరికి జరిపించాను. పెరడు కనబడేలా దిండ్లు ఎత్తుగా పెట్టించాను. అప్పుడు బయటికి వెళ్ళి గడియ తట్టాను. పెట్టలు దిగాయి. పళ్ళెం లాగాను. తొందరపడలేదు, ఆమె ప్రతిదీ చూడాలని నెమ్మదిగా చేశాను. మూలలు కూడా గోకాను. పొట్టు పరిచి, నీళ్ళు మార్చి, మూత ఎత్తితే దొరసాని గుడ్డు ఇంకా వెచ్చగా ఉంది. తెచ్చి ఆమె చేతిలో పెట్టి వేళ్ళు మూశాను.

"ఇంకేం వంక ఉంది?" అంది.

"ఏమీ లేదు. బాగుంది" అన్నాను.

"నిజంగా?"

"నిజంగానే. నేను చూసుకుంటాను. నువ్వు పడుకో."

చాలాసేపు నన్ను చూసింది. "అయితే పడుకుంటానండీ" అంది. అంతే, మళ్ళీ లేవలేదు. నువ్వొచ్చేదాకా ఆగమని అడగాలనిపించింది, అడగలేదు. ఇంకో రోజు అడిగే ముఖం నాకు లేదు. నువ్వు నన్ను క్షమించాల్సింది ఏదైనా ఉంటే అదొక్కటే.

పొద్దున్నే లేస్తున్నాను. లేవాలని ఉండదు, అవి అరుస్తాయి, లేస్తాను. ఎందుకు అరుస్తారే, లేచాను కదా అని తిడుతూ వెళ్తాను. పని అయ్యాక లోపలికొచ్చి చెప్పడానికి మనిషి ఉండదు. ఆ నడక ఒక్కటే కష్టంగా ఉంది, గూడు దగ్గర నుంచి ఇంట్లోకి.

నువ్వు తెచ్చిన రంగులు అక్కర్లేదు, ఉన్న రంగే ఉండనీ. నీకు కూడా నేను ఇంతవరకూ చెప్పలేదు. గూడు చాలా బాగా చేశావోయ్. ఎక్కడా వంక లేదు.

బావ